జెండా దించిన తర్వాత: సైనికుల ఇండ్లకు ఊరి ఆసరా



ప్రతి ఏడు ఈ నివేదికల పొదుపు ఎంత, అప్పు ఎంత, రికవరీ ఎంత అని రాసుకుంటం. ఈసారి లెక్కల పక్కన ఒక చరిత్ర ముచ్చట కూడా ఉండాలని అనుకున్నం. మిలిటరీల పనిచేసి ఇంటికి వచ్చినోళ్లకు, అక్కడనే ప్రాణం ఇచ్చినోళ్ల ఇండ్లకు ఊరు, సంఘాలు, సర్కారు ఇన్నేండ్లు ఎట్ల ఆసరా అయినయో ఇందుల రాస్తున్న. నేను పదో తరగతి వరకే చదువుకున్న. తెలిసింది తెలిసినట్టు రాస్తున్న.

మన దిక్కు ఆడోళ్లకు ఎదురుచూసుడు కొత్త కాదు. ఒకరి ఇంటాయన దుబాయ్‌ల ఉంటడు, ఒకరి ఇంటాయన మస్కట్‌ల, ఒకరి కొడుకు భీవండిల, ఇంకొకరి మనిషి సింగరేణి బాయిల. సైనికుడి భార్య కూడా మన తీరుగనే ఎదురుచూస్తది. ఎవుసం, పిల్లల చదువు, అత్తమామల మందులు అన్నీ ఒక్కతే చూసుకుంటది. అయితే గల్ఫ్ పోయినోళ్లు మన ఊర్లల్ల పదుల మంది ఉంటరు కాబట్టి వాళ్ల కష్టం అందరికి తెలుసు. మిలిటరీకి పోయినోళ్లు ఊరికి ఒకరో ఇద్దరో. వాళ్ల ఇంటి కష్టం ఎట్లుంటదో పక్కింటోళ్లకు కూడా తెల్వదు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

నిజాం కాలం సిపాయిలు

మన లక్సెట్టిపేట 1948 దాకా నిజాం రాజ్యంలనే ఉండె. నిజాంకు సొంత ఫౌజు ఉండేది. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైతే హైదరాబాద్ గుర్రపు దళం సముద్రం దాటి ఈజిప్టు, పాలస్తీనా దాకా పోయింది. ఆ దళాన్ని హైదరాబాద్ లాన్సర్లు అనేటోళ్లు. వాళ్లతోని మైసూరు, జోధ్‌పూర్ రాజ్యాల దళాలు కూడా ఉండె. ఆ మూడు రాజ్యాల గుర్తుగా 1922లో ఢిల్లీల మూడు సిపాయి విగ్రహాలు నిలబెట్టిన్రు. తీన్‌మూర్తి అని అందరు పిలిచేది దాన్నే. అందుల ఒక విగ్రహం మన హైదరాబాద్‌ది.

ఆ యుద్ధంల మన దేశం నుంచి పది లక్షలకు పైగా మంది బయటి దేశాలకు పోయిన్రు. దగ్గర దగ్గర 74,000 మంది తిరిగి రాలేదు. అంతమంది ఇండ్లు చూసుకునేటందుకు బ్రిటిష్ సర్కారు 1919లో ఇండియన్ సోల్జర్స్ బోర్డు అని ఒకటి పెట్టింది. స్వాతంత్ర్యం వచ్చినంక దాని పేరు మారుతూ వచ్చి, 1975లో కేంద్రీయ సైనిక్ బోర్డు అయింది. దాని కింద రాష్ట్రానికి ఒక బోర్డు, జిల్లాలకు సైనిక సంక్షేమ కార్యాలయాలు ఉన్నయి. అంటే సైనికుల ఇండ్ల కోసం ఆఫీసు పెట్టి నూరేండ్లు దాటింది. తొవ్వ మాత్రం మనలో చాలామందికి ఇప్పటికీ తెల్వదు.

పెన్షన్ లేని సైనికులు

రెండో ప్రపంచ యుద్ధం 1939 నుంచి 1945 దాకా నడిచింది. అప్పుడు మన దేశ ఫౌజు పెరిగి పెరిగి 25 లక్షల మంది అయింది. యుద్ధం అయిపోంగనే అంత ఫౌజు అక్కర లేదని లక్షల మందిని ఇంటికి పంపిన్రు. సిపాయికి పెన్షన్ రావాలంటే 15 ఏండ్ల సర్వీసు ఉండాలె. నాలుగేండ్లు, ఐదేండ్లు చేసినోళ్లకు పెన్షన్ ఎక్కడిది? బర్మా అడవుల్ల, ఆఫ్రికా ఎడారిల కొట్లాడి వచ్చినోళ్లు ఒక డిశ్చార్జి పుస్తకం, రెండు మెడల్స్ పట్టుకొని మళ్ల నాగలి పట్టిన్రు.

ఈ ముచ్చట చెప్పేటప్పుడు పశ్చిమ గోదావరి జిల్లాల తాడేపల్లిగూడెం దగ్గర ఉన్న మాధవరం గురించి చెప్పాలె. ఆ ఊరిని మిలిటరీ మాధవరం అంటరు. మొదటి యుద్ధానికి 90 మంది, రెండో యుద్ధానికి 1,110 మంది తమ ఊరి నుంచే పోయిన్రని అక్కడోళ్లు చెప్పుకుంటరు. ఇప్పటికీ ఇంటికొకరన్నట్టు ఫౌజుల ఉంటరు. ప్రాణాలు ఇచ్చినోళ్ల కోసం ఊర్లనే స్తూపం కట్టుకున్నరు. సుబేదార్, హవల్దార్ అనే మాటలు అక్కడ మనుషుల పేర్లకు ముందు ఇంటిపేరు తీరుగ అతుక్కుంటయి.

నాకు ఆ ఊరి గురించి చదివినప్పుడు ఒకటి తట్టింది. ఇంటింటికి సైనికుడున్న ఊర్ల ఒక ఆడమనిషికి ఏ కాయిదం కావాలన్నా పక్కింట్ల అడిగితే చాలు. ముందటి తరం చేసుకున్నది తర్వాతి తరానికి తెలుస్తది. మన దిక్కు ఊరికి ఒక్క ఇల్లు ఉంటే ఆమె ఎవరిని అడగాలె? మాధవరంల పక్కిల్లు చేసే పని మన దగ్గర సంఘం చేయాలె. ఈ వ్యాసంల నేను చెప్పదలుచుకున్న అసలు మాట ఇదే.

భూమి ముచ్చట

స్వాతంత్ర్యం వచ్చినంక మాజీ సైనికులకు సర్కారు భూములు ఇచ్చుడు పెద్ద సాయం. తరి అయితే రెండున్నర ఎకరాలు, ఖుష్కి అయితే ఐదెకరాలు లెక్క. మామూలు అసైన్డ్ భూమి అమ్ముకోరాదు. మాజీ సైనికుల భూమిని మాత్రం పదేండ్ల తర్వాత అమ్ముకునే వీలు ఇచ్చిన్రు. ఆ సవలత్ మంచిదే గాని, దానితోటి దళారులు కూడా వచ్చిన్రు. పట్టా కాయిదం సందుగల ఉండి, మోక మీద భూమి ఎక్కడుందో తెల్వని ఇండ్లు కూడా ఉంటయి. భూమి ఇచ్చుడు ఒక ఎత్తు, అది చేతిల నిలబడేదాకా వెంట ఉండుడు ఇంకో ఎత్తు.

జెండా దినం

1949 నుంచి ప్రతి ఏడు డిసెంబరు 7 నాడు సాయుధ దళాల పతాక దినోత్సవం జరుపుతున్నరు. బడి పిల్లలు చిన్న చిన్న జెండాలు అంగీకి పెట్టి డబ్బాల పైసలు వేయించుకునేది అందుకే. ఆ జెండాల ఎరుపు, ముదురు నీలం, లేత నీలం ఉంటయి. అవి సైన్యం, నౌకాదళం, వైమానిక దళం గుర్తులు. ఆ పైసలు అన్నీ సైనికుల ఇండ్ల సంక్షేమానికి పోతయి. రూపాయి రూపాయి జమచేసి ఇల్లు నిలబెట్టుడు మనకు తెలిసిన పనే. మన పొదుపు సంఘాలు పుట్టకముందే అటువంటి పొదుపు దేశం అంతా కలిసి ఒకటి చేసింది.

1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు జాతీయ రక్షణ నిధి పెట్టిన్రు. దేశమంతటా ఆడోళ్లు చేతి గాజులు, మెడల గొలుసులు తీసి ఇచ్చిన్రు. ఒక్కపూట కైకిలి పైసలు ఇచ్చినోళ్లు కూడా ఉన్నరు. బంగారం అంటే మనకు సొమ్ము మాత్రమే కాదు, ఆపతిల ఆదుకునే బ్యాంకు. అది తీసి ఇచ్చుడంటే మాటలు కాదు.

ఆడోళ్లకు ఆడోళ్లే

1966లో సైనికుల భార్యలు కలిసి ఆర్మీ వైవ్స్ వెల్ఫేర్ అసోసియేషన్ పెట్టుకున్నరు. 1971లో పాకిస్తాన్ యుద్ధం అయినంక వేల ఇండ్లల్ల చిన్న వయసు ఆడోళ్లు భర్తలను పోగొట్టుకున్నరు. వాళ్ల కోసం 1972లో ఢిల్లీల వార్ విడోస్ అసోసియేషన్ పెట్టింది వి. మోహినీ గిరి. ఆమె మన తెలుగాయన, అప్పటి రాష్ట్రపతి వి.వి. గిరి గారి కోడలు. తర్వాత ఆమె జాతీయ మహిళా కమిషన్ చైర్‌పర్సన్ కూడా అయింది. వితంతువును శుభకార్యానికి రానియ్యని దేశంల, ఆమెకు బతుకు ఉన్నది, చదువు ఉన్నది, ఉద్యోగం ఉన్నది అని చెప్పుడు అప్పట్ల చిన్న పని కాదు.

1999 కార్గిల్ యుద్ధంల మన దేశం 527 మందిని పోగొట్టుకున్నది. హైదరాబాద్‌ల పెరిగిన మేజర్ పద్మపాణి ఆచార్య అండ్లనే జూన్ 28న ప్రాణం ఇచ్చిండు. ఆయనకు మహావీర చక్ర ఇచ్చిన్రు. ఆయన చనిపోయినప్పుడు భార్య గర్భవతి, బిడ్డ తర్వాత పుట్టింది. ఆ యుద్ధం తర్వాతనే సర్కారు అమరుల ఇండ్లకు పెట్రోల్ బంకులు, గ్యాస్ ఏజెన్సీలు ఇచ్చింది.

ఆడోళ్లం తప్పకుండా తెలుసుకోవాల్సిన ముచ్చట ఇంకొకటి ఉంది. యుద్ధంల వీరత్వానికి మెడల్ వచ్చిన సైనికుడికి నెల నెలా కొంత భత్యం వస్తది. ఆయన చనిపోతే అది భార్యకు వస్తది. అయితే ఆమె మళ్ల పెండ్లి చేసుకుంటే ఆగిపోతుండె. ఒక్క తీరుల మాత్రం ఆగకపోతుండె: చనిపోయిన భర్త అన్ననో తమ్మున్నో చేసుకుంటే. అంటే పైసలు ఇంట్లనే ఉండాలె, ఆమె ఇష్టం ఏందో అడుగుడు లేదు. ఈ షరతును 2017 నవంబరుల తీసేసిన్రు. ఇప్పుడు ఆమె ఎవరిని చేసుకున్నా ఆ భత్యం బతికున్నన్ని దినాలు ఆమెదే. ఇది తెల్వక ఇండ్లల్ల మరిదిని చేసుకొమ్మని ఒత్తిడి పెడితే, మనం ఈ మాట చెప్పాలె.

మన రాష్ట్రంల ఈ మధ్య

2020 జూన్ 15 నాడు గల్వాన్ లోయల చైనా సైనికులతో జరిగిన కొట్లాటల సూర్యాపేటకు చెందిన కర్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు, ఆయనతోని 19 మంది చనిపోయిన్రు. కరోనా కాలం అయినా సూర్యాపేట జనం తొవ్వ పొడుగూత నిలబడి పూలు చల్లిన్రు. రాష్ట్ర సర్కారు 5 కోట్ల రూపాయలు, హైదరాబాద్ బంజారాహిల్స్‌ల 711 గజాల జాగ, ఆయన భార్యకు డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం ఇచ్చింది. మిగతా 19 మంది వేరే రాష్ట్రాలోళ్లు అయినా ఇంటికి 10 లక్షల చొప్పున ప్రకటించింది. 2021ల సంతోష్ బాబుకు మహావీర చక్ర ఇచ్చిన్రు.

అండ్ల ఒక సంగతి నాకు మస్తు నచ్చింది. ఆ 5 కోట్లల్ల 4 కోట్లు భార్యకు, కోటి రూపాయలు తల్లిదండ్రులకు విడదీసి ఇచ్చిన్రు. కొడుకు పోయినంక అత్తకు కోడలికి నడుమ పైసల కాడ ఎన్ని ఇండ్లు విరిగినయో మనకు తెల్వంది కాదు. ఇద్దరికి ఇద్దరివి ముందే ఇస్తే ఆ ఇల్లు నిలబడుతది.

అదే ఏడు నవంబరు 8 నాడు కశ్మీర్ మాచిల్ దగ్గర జరిగిన కాల్పులల్ల ర్యాడ మహేష్ అనే యువ సిపాయి చనిపోయిండు. ఆయనది నిజామాబాద్ జిల్లా వేల్పూర్ మండలం కోమన్‌పల్లి. మనం గోదావరి దాటి జగిత్యాల, మెట్‌పల్లి మీదుగ పోతే ఆర్మూర్ దగ్గర వస్తది. అదే కాల్పులల్ల చిత్తూరు జిల్లాకు చెందిన హవల్దార్ ప్రవీణ్ కుమార్ రెడ్డి కూడా చనిపోయిండు. అంటే ఇది ఎక్కడనో దూరంగ జరిగే ముచ్చట కాదు. మన అసొంటి ఊరు, మన అసొంటి ఎవుసం ఇల్లు.

అసొంటి నాడు ఊరు ఊరంతా కదులుతది. డప్పులు, జెండాలు, నాయకులు, కెమెరాలు. పదకొండో దినం అయినంక చుట్టాలు ఎవరి తొవ్వ వాళ్లు పడతరు. ఆమెకు అసలు పని అప్పుడు మొదలైతది.

కాయిదాల కష్టం

సైనికుడి భార్యకు వచ్చే కుటుంబ పెన్షన్ మూడు తీర్లు ఉంటది. మామూలుగ చనిపోతే చివరి జీతంల 30 శాతం. సర్వీసుల ఉండంగనే చనిపోతే మొదటి పదేండ్లు 50 శాతం ఇస్తరు. డ్యూటీ కారణంగ చనిపోతే 60 శాతం. యుద్ధంల, ఉగ్రవాదుల దాడిల చనిపోతే చివరి జీతం మొత్తం. ఏ తీరు కింద రాసిన్రో అన్నదాని మీద ఆ ఇంటి బతుకంతా ఆధారపడుతది. అందుకే ఆ కాగితంల ఏమి రాసిన్రో చదివి చెప్పే మనిషి ఒకరు ఆమె పక్కన ఉండాలె.

ఇంకొకటి పేర్ల తిప్పలు. సైనికుడు పెండ్లి అయిందని, పిల్లలు పుట్టిన్రని తన యూనిట్‌ల రాసిస్తే దాన్ని పార్ట్ టూ ఆర్డర్ అని రికార్డుల ఎక్కిస్తరు. అది ఎక్కకపోతే, లేకుంటే అందుల పేరు ఒక తీరు, ఆధార్‌ల ఒక తీరు ఉంటే పెన్షన్ ఆగుతది. మన దిక్కు పుట్టింట్ల లచ్చవ్వ, అత్తింట్ల లక్ష్మి, రేషన్ కార్డుల లక్ష్మమ్మ, బ్యాంకుల ఇంటిపేరు వేరే. బ్యాంకు లింకేజీ అప్పప్పుడు మన సభ్యులకు ఈ తిప్పలు ఎన్నిసార్లు రాలేదు? ఇది భర్త బతికి, సర్వీసుల ఉన్నప్పుడే సరిచేసుకుంటే అల్కగ అయితది. తర్వాత అయితే ఏండ్లు పడుతది.

ఇప్పుడు మిలిటరీ పెన్షన్లు స్పర్శ్ అనే కంప్యూటర్ పద్ధతిల వస్తున్నయి. ఏడాదికి ఒకసారి బతికున్నట్టు సర్టిఫికెట్ ఇయ్యాలె. సీఎస్సీ సెంటర్ల వేలిముద్ర పెట్టి చేసుకోవచ్చు. ముసలోళ్లకు వేలిముద్ర పడక, నెల దాటి పెన్షన్ ఆగితే ఏమైందో తెల్వక కూసుంటరు. 2003ల మొదలైన ఈసీహెచ్‌ఎస్ పథకం కింద పెన్షన్ వచ్చే మాజీ సైనికులకు, వాళ్ల భార్యలకు వైద్యం దొరుకుతది. కార్డు ఉండాలె, కార్డు ఉన్నదన్న ఎరుక కూడా ఉండాలె.

పెన్షన్ లేనోళ్లకు కూడా తొవ్వ ఉంది. 65 ఏండ్లు దాటి, పెన్షన్ రాక, హవల్దార్ దాకా పనిచేసినోళ్లకు, వాళ్ల భార్యలకు కేంద్రం నెలకు 4,000 ఇస్తుండె. 2025 నవంబరు 1 నుంచి దాన్ని 8,000 చేసిన్రు. పిల్లల చదువుకు ఇద్దరి దాకా, ఒక్కొక్కరికి నెలకు 2,000, బిడ్డ పెండ్లికి లక్ష రూపాయలు ఇస్తరు. బిడ్డ పెండ్లి సాయం ఇద్దరు బిడ్డల దాకా ఉంటది. వితంతువు మళ్ల పెండ్లి చేసుకుంటే ఆమెకు కూడా ఆ లక్ష ఉంటది. ఇవన్నీ సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారానే పోవాలె.

ముందట రాబోయేది

2022 జూన్‌ల అగ్నిపథ్ వచ్చింది. అగ్నివీర్లుగ పోయిన పిల్లలు నాలుగేండ్లు చేస్తరు. నూటికి 25 మందినే ఉంచుకుంటరు. మిగతావాళ్లు దాదాపు 11 లక్షల 70 వేల రూపాయల సేవానిధితోని ఇంటికి వస్తరు. పెన్షన్ ఉండదు, ఈసీహెచ్‌ఎస్ ఉండదు, మాజీ సైనికుడు అన్న హోదా కూడా ఉండదు. సర్వీసుల చనిపోతే 48 లక్షల ఇన్సూరెన్స్, యుద్ధంల అయితే ఇంకా ఎక్స్‌గ్రేషియా వస్తయి గాని, నెల నెలా కుటుంబ పెన్షన్ రాదు. 2025 మే 9 నాడు సరిహద్దుల చనిపోయిన శ్రీసత్యసాయి జిల్లా కల్లితండా పిల్లగాడు మురళీ నాయక్ అగ్నివీరే. ఆంధ్ర సర్కారు ఆ ఇంటికి 50 లక్షలు, ఐదెకరాల భూమి, ఇంటి జాగ ప్రకటించింది.

మొదటి బ్యాచ్ 2023 మొదట్ల ట్రైనింగుకు పోయింది. 2027 వచ్చేసరికి వాళ్లు ఇంటి తొవ్వ పడతరు. ఇరవై మూడు, ఇరవై నాలుగేండ్ల పిల్లలు. 1946ల రెండో యుద్ధం అయిపోయి పెన్షన్ లేక ఇంటికి వచ్చినోళ్లకు, వీళ్లకు పోలిక ఉంది. అప్పటోళ్లు రెండు మెడల్స్‌తోని వచ్చిన్రు, వీళ్లు ఒక మొత్తం పైసలతోని వస్తున్నరు. ఆ పైసలు బైకుకు, ఫోనుకు, దోస్తులకు కరిగిపోకుండ ఒక ఇల్లుగనో, దుకాణంగనో, చదువుగనో నిలబడాలంటే ఇంట్ల తల్లికి పైసల లెక్క తెలిసి ఉండాలె. ఆ లెక్క నేర్పింది మన సంఘాలే.

మనం చేయగలిగింది

అక్కలారా, నూరేండ్ల చరిత్ర చూస్తే నాకు సమజైంది ఇది. పైసలు ఇచ్చే చేయి ఏదో ఒకటి ఎప్పుడూ ఉన్నది. ఆ పైసలు ఇల్లు చేరేదాకా పక్కన నడిచే మనిషి కావాలె. మనకు అప్పు మంజూరు అయిందంటే ఐదుగురం కలిసి బ్యాంకుకు పోతం. ఒక్కతే పోతే గుమాస్తా రేపు రమ్మంటడు, ఐదుగురం పోతే కూసోమంటడు. ఈ బలం సైనికుల ఇండ్ల ఆడోళ్లకు కూడా అక్కరకు రావాలె.

అందుకోసం సమాఖ్య ముందట నాలుగు మాటలు పెడుతున్న.

ఒకటి, ప్రతి గ్రామ సంఘం మినిట్స్ పుస్తకంల ఒక పేజీ తీసి, ఊర్ల సర్వీసుల ఉన్నోళ్ల, మాజీ సైనికుల, చనిపోయినోళ్ల ఇండ్లు రాసుకోవాలె. వాళ్ల ఇంట్ల ఆడోళ్లు సంఘంల లేకపోతే చేర్చుకోవాలె.

రెండు, కొడుకు, భర్త సర్వీసుల ఉన్న ప్రతి సభ్యురాలి పేరు రికార్డుల, ఆధార్‌ల, బ్యాంకుల ఒక్క తీరుగ ఉందో లేదో వాళ్లు సెలవు మీద వచ్చినప్పుడే చూసుకోవాలె. డిశ్చార్జి పుస్తకం, పెన్షన్ ఆర్డర్ జిరాక్సులు తీసి భద్రంగ పెట్టుకోవాలె.

మూడు, సైనిక సంక్షేమ ఆఫీసుకు పోవాల్సిన ఆమెను ఒంటరిగ పంపొద్దు. ఇద్దరు సభ్యులు తోడు పోవాలె. బస్సు కిరాయి గ్రామ సంఘం ఖర్చుల కింద రాయొచ్చునో లేదో మహాసభల తేల్చాలె.

నాలుగు, అగ్నివీర్లుగ తిరిగొచ్చే పిల్లల తల్లులతోని ముందే కూసొని మాట్లాడాలె. ఆ పైసలు ఏం చేస్తరన్నది మీటింగుల అడుగుడు తప్పు కాదు. మన అప్పు ఏం చేసినమో నెల నెలా అడుగుతలేమా?

డిసెంబరు 7 జెండా దినం. ఆ నెల మీటింగ్ ఎజెండాల పొదుపు, రికవరీ కింద ఈ ముచ్చటకు ఒక లైను పెట్టాలని అన్ని గ్రామ సంఘాలను కోరుతున్న.

ఇట్లు,
ఒక గ్రామ సంఘం లీడర్,
లక్సెట్టిపేట మండలం, మంచిర్యాల జిల్లా